తిమిరి, వాలుగ: విద్యుత్ చేపల పాఠముపై ఒక విమర్శ

ఏలూరులోగాని తాడేపల్లిగూడెములోగాని, ఉన్నత పాఠశాలలో విద్యుచ్ఛక్తి పాఠము జరుగు దినములలో ఎవరో ఒక విద్యార్థి లేచి "ప్రాణులలో గూడ కరెంటు ఉండునా?" అని అడుగుట కద్దు. దానికి వాడుకలో నున్న సమాధానము ఒకటి సిద్ధముగా నుండును. దక్షిణ అమెరికాలోని నదులలో ఎలక్ట్రిక్ ఈల్ అను పాము వంటి చేప కలదు. దాని దెబ్బకు గుఱ్ఱము గూడ కూలిపోవును. దాని ఒడలిలో బ్యాటరీ కలదు. దానితో బల్బు వెలిగింపవచ్చును. ఇంతటితో సమాధానము ముగియును. విద్యార్థి నోరు తెరచి విని కూర్చుండును.

ఈ కథనములో పచ్చి అబద్ధమేమియు లేదు. అయినను బోధనకు ఇది చాలదు. చాలకపోవుటయే గాక కొంత చెరుపు గూడ చేయుచున్నది. "బ్యాటరీ కలదు" అన్నంతనే విషయమంతయు తెలిసినట్లు తోచి, తరువాతి ప్రశ్న పుట్టకుండనే పోవును. ఇక చేపలు విద్యుత్తును పుట్టించుట ఒక ఎత్తు, దానిని పసికట్టుట మరియొక ఎత్తు. ఈ రెండవది మొదటి దానికన్న ప్రాచీనము, ఎక్కువ జాతులలో వ్యాపించినది. వాడుకలోని కథనములో దాని ప్రస్తావనయే రాదు. కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన పిల్లలకు ఆ రెండవదియే ఇంటిప్రక్క విషయము.

ముందు గుఱ్ఱముల కథను చూతము. 1800వ సంవత్సరము మార్చి నెలలో జర్మను శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్, నేటి వెనిజులాలోని కలబోసో అను ఊరివద్ద ఈల్ చేపలను పట్టించెను. అచటి జనులు సుమారు ముప్పది గుఱ్ఱములను, కంచరగాడిదలను ఒక మడుగులోనికి తోలిరి. చేపలు పైకి వచ్చి వాని పొట్టలకు ఒత్తుకొని దెబ్బ కొట్టినవి. కొద్ది నిమిషములలో రెండు గుఱ్ఱములు నీట మునిగి చచ్చినవి. చేప తనంతట తాను పెద్ద జంతువుపైకి వచ్చి కొట్టుననుట అతిశయోక్తి యని చాలమంది తరువాతి కాలమున శంకించిరి. 2016లో కెన్నెత్ కటానియా అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తనపైకి వచ్చు వస్తువు లోహము వలె విద్యుద్వాహకమైనచో ఈల్ నీటినుండి పైకి లేచి గడ్డమును దానికి ఆనించి కొట్టునని ప్రయోగములతో చూపెను. కనుక హంబోల్ట్ మాట నిలిచినది. అయినను ఈ కథవలన విద్యార్థి నేర్చినదేమి? చేప భయంకరమైనదని మాత్రమే.

వోల్టుల సంఖ్య చెప్పి ఊరకుండుట మరియొక లోపము. 2019లో ఈల్ ఒక జాతి కాదనియు, మూడు జాతులనియు తేలినది. అందులో వోల్టా పేరు పెట్టబడిన జాతిలో 860 వోల్టులు కొలిచిరి. మన ఇండ్లలోని కరెంటు 230 వోల్టులు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టినచో విద్యార్థి, చేప ఇంటి కరెంటుకంటె నాలుగు రెట్లు బలమైన దనుకొనును. కాని చేప ఇచ్చు ఒక్కొక్క విద్యుత్ స్పందము సుమారు 2 మిల్లీసెకనులే యుండును. 600 వోల్టులు, 1 ఆంపియరు అనుకొని లెక్క వేసిన, 600 × 1 × 0.002 = 1.2 జౌళ్లు. 60 వాట్ల బల్బుకు అది సెకనులో ఏబదవ వంతు కాలమునకే సరిపోవును. చేప సెకనుకు కొన్ని వందల స్పందములు వరుసగా పంపగలదు గాని, ఆ పరుగు త్వరలోనే ఆగిపోవును. ఈ లెక్క పదవ తరగతి విద్యార్థి నల్లబల్లపై వేయదగినది. భయపెట్టు అంకెకన్న ఇది మేలైన పాఠము.

ఇక బ్యాటరీ మాట. ఇందులో ముందుగా చరిత్ర తలక్రిందులైనది. 1772లో జాన్ వాల్ష్ అను ఆంగ్లేయుడు ఫ్రాన్సులోని లా రోషెల్ తీరమున టార్పిడో అను సముద్రపు చేప దెబ్బ విద్యుత్తుదేనని చూపెను. మరుసటి ఏట జాన్ హంటర్ దానిని కోసి, లోపల నిలువుగా పేర్చిన స్తంభములను, ప్రతి స్తంభములో దొంతరగా నున్న పలుచని పలకలను వర్ణించెను. 1776లో హెన్రీ కావెండిష్ తోలుతో ఒక బొమ్మ చేపను చేసి, లైడెన్ జాడీలకు తగిలించి, ఉప్పునీట ముంచి, అదే విధమైన దెబ్బను తెప్పించెను. ఇవి అన్నియు ఇటలీలో వోల్టాకు తెలిసినవే. లోహపు బిళ్లలను దొంతరగా పేర్చి ఆతడు చేసిన పరికరమును గూర్చి 1800 మార్చి 20వ తేదీన లండనుకు వ్రాసిన లేఖలో, దానిని టార్పిడో చేపలోని సహజమైన విద్యుదంగముతోనే పోల్చెను. హంబోల్ట్ మడుగులో గుఱ్ఱములను చూచినది గూడ ఆ నెలలోనే. కాబట్టి చేప బ్యాటరీని పోలియుండుట గాదు, బ్యాటరీయే చేపను పోలియున్నది.

పోలిక ఎంతవరకు సరియో, ఎచట తప్పునో గూడ చెప్పవలెను. దొంతర విషయములో అది సరియైనదే. కాని బ్యాటరీ రెండు కొనల నడుమ వోల్టేజి ఎల్లప్పుడు ఉండును. తీగ కలిపినంతనే ప్రవహించును. చేప విద్యుదంగమున విశ్రాంతి సమయములో కొనల నడుమ చెప్పదగిన వోల్టేజి యుండదు. ఇది ఎట్లు?

ప్రతి జీవకణము లోపల పొటాసియము ఎక్కువగాను, వెలుపల సోడియము ఎక్కువగాను ఉండును. ఈ తేడావలన కణపు పొరకు లోపలి ప్రక్క వెలుపలికంటె ఋణ విద్యుత్తు కలిగియుండును. ఈల్ పలకలో ఈ తేడా సుమారు 85 మిల్లీవోల్టులు. పలకకు రెండు ముఖములు. రెంటిలోను ఇదే తేడా, కాని ఎదురెదురు దిక్కులలో. తాడులాగు పందెములో రెండు ప్రక్కల సమాన బలము గలవారు లాగుచున్న, తాడు కదలనట్లు, మొత్తము సున్న. ఇప్పుడు మెదడు నుండి నాడిద్వారా ఆజ్ఞ వచ్చును. నాడులు పలకకు ఒక ముఖముననే తగులుకొనియుండును. ఆ ముఖమున సోడియము ద్వారములు తెరచుకొని, సోడియము లోపలికి దుమికి, ఆ ప్రక్క వోల్టేజి తారుమారై సుమారు 65 మిల్లీవోల్టులు ధనముగా మారును. రెండవ ముఖము కదలదు. అప్పుడు రెండు ప్రక్కలవారును ఒకే దిక్కునకు లాగినట్లై 65, 85 కలిసి 150 మిల్లీవోల్టులగును. 1953లో కీన్స్, మార్టిన్స్ ఫెరైరా అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వెండ్రుకకన్న సన్నని గాజుగొట్టములను పలకలోనికి దింపి ఈ సంగతిని కొలిచిరి. పలకలు 5,000 శ్రేణిలో ఉన్నవనుకొన్న, 5,000 × 0.15 = 750 వోల్టులు. ఈ గుణకారములో ఒక షరతు దాగియున్నది. పలకలన్నియు ఒకే క్షణమున పలుకవలెను. తలకు దగ్గరనున్న పలకకు ఆజ్ఞ ముందు చేరి, తోకవద్దనున్న దానికి ఆలస్యముగా చేరినచో మొత్తము చెదరిపోవును. అందువలన దగ్గరి పలకలకు పోవు ఆజ్ఞ కొంత ఆలస్యమగునట్లు, దూరపు పలకలకు త్వరగా చేరునట్లు నాడీమార్గములు అమరియున్నవి. ఈ అమరికను చెప్పని పాఠము అసలు వింతను విడిచినట్లే.

ఈ పలకలు చాల జాతులలో కుదించుట మానుకొన్న కండరములే. మిల్లీవోల్టులు చేపల సొత్తు గాదు. ఏలూరు ఆసుపత్రిలో రొమ్ముపై తీగలంటించి తీయు ఇ.సి.జి. గీతలు గూడ గుండె కండరము నుండి ఒడలి పైకి వచ్చిన మిల్లీవోల్టులే. చేపలో ప్రత్యేకమైనది విద్యుత్తు కాదు, పేర్పు. పాఠమున నొక్కి చెప్పవలసినది ఇది.

అమెజాన్ వరకు పోకుండ బంగాళాఖాతము ఒడ్డుననే ఆగినచో మరియొక మేలు కలదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉండి, విశాఖపట్టణమున సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను చిత్రములతో 1803లో లండనులో రెండు సంపుటములుగా ప్రకటించెను. జాలరులు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, చేపలకు శీర్షికలుగా ఉంచుట ఆతని పద్ధతి. అందులో 'తిమిరి', 'నల్ల తిమిరి' అనునవి కలవు. ఇవి విద్యుత్తుతో దెబ్బకొట్టు తిరిచేపలు. ముట్టినచో చేయి తిమ్మిరెక్కును గనుక ఆ పేరు. గ్రీకులు ఇట్టి చేపను 'నార్కె' అనిరి, లాటిను వారు 'టార్పిడో' అనిరి. రెంటికిని మొద్దుబారుట యనియే అర్థము. మూడు భాషలవారును ఒకే అర్థము గల పేరు పెట్టిరి. 1831లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అను శాస్త్రజ్ఞుడు మలయా ప్రాంతపు విద్యుత్ తిరిచేపల ప్రజాతికి 'తెమెరా' అని పేరు పెట్టినప్పుడు ఈ తెలుగు మాటనే లాటిను చేసెను. ఆ చేప ఆంధ్ర తీరమున దొరకదు. పేరు మాత్రము ఇచ్చటిది.

తిమిరి తట్టుకొనవలసినది ఉప్పునీరు. అది మంచి విద్యుద్వాహకము. అందులో ఎక్కువ వోల్టుల అవసరము లేదు గాని ప్రవాహము ఎక్కువ కావలెను. అందుచేత తిరిచేపలలో పొట్టి దొంతరలు వందలకొలది ప్రక్కప్రక్కన సమాంతరముగా పేర్చబడినవి. పెద్ద టార్పిడో ఇచ్చునది 50 వోల్టుల ప్రాంతము, చిన్న తిమిరి ఇచ్చునది ఇంకను తక్కువ. ఈల్ నివసించు మంచినీరు కరెంటును సులభముగా పోనీయదు. దానిలో పొడుగైన దొంతర, శ్రేణి సంధానము, ఎక్కువ వోల్టులు. ఓమ్ నియమమునకు, శ్రేణి సమాంతర సంధానములకు ఇంతకన్న చక్కని ఉదాహరణము దొరకదు. ఈ రెండు నీళ్లును కలియుచోటు కొల్లేటి ప్రాంతమే. బుడమేరు, తమ్మిలేరు మంచినీటిని తెచ్చి కొల్లేటిలో పోయును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చును. ఎండకాలమున మట్టము తగ్గినప్పుడు ఉప్పునీరు అదే త్రోవను పైకి ఎగదన్నును.

కొల్లేటిలో దెబ్బకొట్టు విద్యుత్ చేప లేదు. వాడుకలోని కథనము ఇచట పెదవి విరిచి వెనుదిరుగును. నిజమునకు కొల్లేటి పిల్లల పాఠము ఇచటనే ఆరంభము కావలెను.

తిరిచేపల, సొరచేపల మూతిపై సన్నని రంధ్రములుండును. 1678లో స్తెఫానో లోరెంజీని అను ఇటలీ దేశీయుడు టార్పిడోను పరిశీలించుచు, ఈ రంధ్రములనుండి లోపలికి జిగురు నిండిన గొట్టములు పోవుచున్నవని వర్ణించెను. అవి ఎందుకో దాదాపు మూడు వందల యేండ్లు ఎవరికిని తెలియలేదు. చలికో, ఒత్తిడికో అని ఊహించిరి. మొదటి సూచన సొరచేపనుండి గాక జెల్ల కుటుంబపు చేపనుండి వచ్చినది. 1917లో అమెరికాలో పార్కర్, వాన్ హ్యూసెన్ అనువారు ఒక మంచినీటి జెల్లకు కండ్లు కప్పి, దాని దగ్గరకు కడ్డీలు తెచ్చిరి. గాజు కడ్డీ ఒంటికి తగులువరకు చేప కదలలేదు. లోహపు కడ్డీకి మాత్రము కొన్ని సెంటీమీటర్ల దూరము నుండియే చలించినది. లోహము నీటిలో మునిగినప్పుడు దానిపై పుట్టు స్వల్ప ప్రవాహమునే చేప తెలిసికొనుచున్నదని వారు తేల్చిరి. ఆ తీర్పును ఆ కాలమున పట్టించుకొన్నవారు తక్కువ. మానవునకు లేని ఇంద్రియమును ఊహించుట కష్టము గదా!

1951లో కేంబ్రిడ్జిలో హాన్స్ లిస్మన్, ఆఫ్రికాలోని జిమ్నార్కస్ అను చేప తోకనుండి ఎడతెగని బలహీన స్పందములు వెలువడుచున్నవని కనుగొనెను. అవి ఎవరిని కొట్టుటకును చాలవు. చుట్టునున్న విద్యుత్ క్షేత్రము ఏ వస్తువు వలన ఎట్లు వంగునో తెలిసికొని, చీకటిలో త్రోవ చూచుకొనుటకు అవి ఉపయోగపడునని 1958లో ఆతడు, మెషిన్ అను సహచరుడు నిరూపించిరి. దీనితో పాత చిక్కు ఒకటి వీడినది. విద్యుదంగము మెల్లమెల్లగా పెరిగినదైనచో, దెబ్బకొట్టలేని తొలి దశలో దాని ప్రయోజనమేమి అని 1859లో డార్విన్ తన గ్రంథమున చిక్కు ప్రశ్నగా వ్రాసికొనియుండెను. బలహీన విద్యుత్తుకు గూడ ప్రయోజనము కలదని తేలుటతో ఆ ప్రశ్నకు జవాబు దొరికినది. 1963లో లిస్మన్, మెషిన్ మరియొక చిన్న వ్యాసము ప్రకటించిరి. అది విద్యుత్ చేప కాని ఒక చేపలో విద్యుత్ గ్రాహకములున్న సంగతిని గూర్చి. ఆ చేప క్లారియాస్. తెలుగున దాని సోదరుని పేరు మార్పు.

సంగతి పూర్తిగా తేటపడినది 1971లో. కాల్మైన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఒక చదును చేపను ఇసుకలో కప్పిపెట్టెను. చిన్న సొరచేప వచ్చి సూటిగా త్రవ్వినది. దానిపై అగరు జిగురుతో గది కట్టెను. అగరు విద్యుత్తును పోనిచ్చును. వాసన గది క్రిందనుండి రాకుండ నీటిని వేరొక గొట్టముద్వారా దూరముగా పంపెను. సొర వాసన వచ్చుచోటికి పోక చేపపైననే త్రవ్వినది. అగరుపై విద్యుత్తును ఆపు పలుచని ప్లాస్టిక్ పొర పరచినంతనే సొర దారి తప్పినది. చివరకు చేపను తీసివేసి రెండు విద్యుత్ ధ్రువములను మాత్రము పాతెను. సొర వానినే చేప యనుకొని త్రవ్వినది. ఒకదాని తరువాత ఒకటిగా అనుమానములను తొలగించుకొనుచు పోయిన ఈ ప్రయోగము గుఱ్ఱముల కథకు బదులు పాఠ్యగ్రంథమున ఉండదగినది.

ఇసుకలోని చేపలో విద్యుత్తు ఎక్కడిది? మొప్పలు, నోటి లోపలి పొరలు ఉప్పు అయానులను నిరంతరము లోపలికి వెలుపలికి పంపుచుండును. ఆ కదలిక వలన ప్రతి నీటి జీవి చుట్టును బలహీనమైన క్షేత్రమేర్పడును. రొయ్యకుగాని, పురుగుకుగాని దీనిని దాచుకొను ఉపాయము లేదు.

ఇప్పుడు ఏలూరు చేపల బజారులో ఒక బుట్టను చూతము. రాగండి, బొచ్చె, కొర్రమీను, గొరక, జెల్ల, మార్పు, వాలుగ. వీనిలో మొదటి నాలుగింటికిని విద్యుత్తును పసికట్టు ఇంద్రియము లేదు. చివరి మూడింటికిని కలదు. బుట్టలో ఈ గీత గీయుట మీసములు చూచియే నేర్వవచ్చును. జెల్ల, మార్పు, వాలుగ ఒకే వర్గమునకు చెందినవి. సొరచేపల కాలమునాటి ఈ ఇంద్రియమును ముండ్లచేపలలో అత్యధిక భాగము పోగొట్టుకొనగా, ఈ వర్గము తిరిగి కొత్తగా సంపాదించుకొన్నది. తల మీదను ఒడలి మీదను చర్మములో సూక్ష్మమైన రంధ్రములు, వాని అడుగున గ్రాహకకణములు ఉండును. అవి ఊరకున్నప్పుడు గూడ నాడిద్వారా టకటకమని సంకేతములు పంపుచునే యుండును. వెలుపలి వోల్టేజి మారినంతనే ఆ వేగము పెరుగును లేదా తగ్గును. మంచినీటి జెల్లలకు సెంటీమీటరుకు ఒక మైక్రోవోల్టు ప్రాంతపు తేడా తెలియును. 1.5 వోల్టుల టార్చిలైటు సెల్లును తీసికొని, ఒక కొనను ఏలూరులోను రెండవ కొనను సుమారు 15 కిలోమీటర్ల దూరమున కొల్లేటి అంచునను ఉంచినట్లు ఊహించిన, నడుమ ప్రతి సెంటీమీటరునకు వచ్చు తేడా అంతయే.

మంచినీటి చేపల రంధ్రము క్రింది గొట్టము చాల పొట్టి. సముద్రపు తిరిచేపలలో అది పొడుగు. కారణము మరల నీరే. మంచినీటి చేప చర్మము లోపలికి కరెంటును రానీయదు గనుక చర్మమునకు ఇరుప్రక్కల తేడాను కొలిచినచో చాలును. ఉప్పునీట ఆ తేడా సన్నగిల్లును గనుక దూరదూరపు బిందువుల మధ్య కొలువవలెను. ప్లోటోసస్ అను సముద్రపు జెల్లలో గొట్టములు పొడుగుగానే యున్నవి. కొల్లేటిలో ఉప్పు పెరిగిన యేడు మంచినీటి వాలుగకు ఈ ఇంద్రియము ఎంత మొద్దుబారునో కొలువదగిన ప్రశ్న.

వాలుగ రాత్రి వేటాడును. బురదనీటిలో కండ్లకు పని లేదు. వాసన, మీసముల స్పర్శ, పార్శ్వరేఖ, వీనితోబాటు ఈ విద్యుత్ జ్ఞానము దానికి తోడు. శాస్త్రములో దాని పేరు వాలాగో. 1851లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ పెట్టిన ఆ పేరు తెలుగు వాలుగయే. విద్యుత్తును పుట్టించు చేపకు ఒకటి, పసికట్టు చేపకు ఒకటి, రెండు తెలుగు మాటలు ప్రపంచ జంతుశాస్త్రమున నిలిచియున్నవి. తెలుగు పాఠములో మాత్రము ఈ రెండునూ కనబడక, ఈల్ ఒక్కటే కనబడుట విడ్డూరము.

ఇచట ఒక పొరపాటునకు దారి కలదు. కత్తివలె పలుచగా, పొట్టక్రింద పొడుగైన రెక్కతో నుండు నోటోప్టెరస్ అను చేప గూడ కొల్లేటి ప్రాంతమున దొరకును. అమెరికాలోని విద్యుత్ కత్తిచేపలతో దానికి రూపమున గట్టి పోలిక యున్నందున అదియు విద్యుత్ చేపయే యని తలచుటకు వీలున్నది. కాదు. దాని ఆఫ్రికా బంధువులకు విద్యుత్తును పసికట్టు శక్తి కలదు. ఆసియా ఖండపు జాతులకు అది లేదు. ఆకారమును చూచి ఇంద్రియమును నిర్ణయింపరాదు.

మార్పు గాలిని పీల్చగలదు గనుక తొట్టిలో సులభముగా బ్రతుకును. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. రెండు పెన్సిలు సీసములను ధ్రువములుగా తొట్టి అంచున ముంచి, వానిని 1.5 వోల్టుల సెల్లునకు 10 లక్షల ఓముల నిరోధము ద్వారా, ఒక స్విచ్చితో కలుపవలెను. ప్రవాహము 1.5 మైక్రోఆంపియరుకు మించదు. స్విచ్చి వేసినదియు లేనిదియు తెలియని విద్యార్థి ఒకడు చేప కదలికలను వ్రాసికొనవలెను. తెలిసినవాడు వ్రాసినచో తాను కోరినదే చూచును. పార్కర్ కడ్డీల ప్రయోగముకన్న ఇది ఒక విషయమున మెరుగు. గాజు, లోహము అను వేరువేరు వస్తువులు గాక, ఒకే ధ్రువములు ఉండి విద్యుత్తు మాత్రమే మారును. చేప ప్రక్కరెక్కల ముండ్లు గుచ్చుకొనును, జాగ్రత్త. ఇంటి కరెంటు తీగను నీటి దరికి రానీయరాదు. కాలువలలో తీగ వేసి చేపలు పట్టు దురభ్యాసము మనుష్యుల ప్రాణములు తీయగలది. పరీక్ష ముగిసిన వెంటనే చేపను నీటిలో విడిచిపెట్టవలెను.

విడిచిపెట్టుమనుటకు కారణము కలదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరినది, 2006లో దాని గర్భములోని చేపల చెరువుల గట్లు పెద్దయెత్తున త్రెంపబడినవి. రాగండి, బొచ్చె పెంచు చెరువులలో పిల్లలను వదలుటకు ముందు వాలుగలను, మార్పులను శత్రువులుగా ఏరివేయుట పెంపకమున పరిపాటి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వాలుగను ఆపదకు లోనుకాగల జాతులలో చేర్చినది. పాఠములో లేని చేప నీటిలో గూడ అరుదైపోయినచో, దాని ఇంద్రియమును చూపుటకు గాజుసీసాలోని నమూనాయే మిగులును.

రస్సెల్ సంగతి ఇంకొకటి మిగిలినది. చేపల పుస్తకమునకు ముందు, 1796లో ఆతడు కోరమాండల్ తీరపు పాములపై ఒక గ్రంథము ప్రకటించెను. అందులోని 'బంగారు పాము' అను తెలుగు పేరే నేడు కట్లపాముల ప్రజాతికి బంగారస్ అను శాస్త్రనామమై యున్నది. 1963లో తైవాను శాస్త్రజ్ఞులు చాంగ్, లీ ఆ దేశపు కట్లపాము విషము నుండి ఒక పదార్థమును వేరుచేసిరి. దాని పేరు ఆల్ఫా బంగారోటాక్సిన్. అది నాడి ఆజ్ఞను కండరమున అందుకొను ద్వారమును అంటిపట్టుకొని వదలదు. విద్యుత్ చేపల పలకలలో ఇట్టి ద్వారములు కిక్కిరిసియుండును. 1970లో షాన్జో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, లీ మొదలగువారు ఈ విషమును గాలముగా వాడి, ఈల్ విద్యుదంగము నుండి ఆ ద్వారమును పట్టుకొనిరి. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రం అనువారు ఈల్ నుండి తీసిన ఆ పదార్థమును కుందేళ్లకు ఎక్కింపగా వానికి కండరములు సడలి పక్షవాతము వంటిది వచ్చినది. మయస్తీనియా గ్రేవిస్ అను వ్యాధిలో మనుష్యులకు రెప్పలు వాలిపోవుట, మ్రింగుడు పడకపోవుట, చేతులు సోలిపోవుట మొదలగునవి, శరీరము తన ద్వారములపై తానే దాడి చేయుటవలన కలుగుచున్నవని ఆ కుందేళ్ల మూలముననే తెలియవచ్చినది.